కాలిక్యులస్ అడిగిండ్రా?

మా చిన్నాయన రైల్వేలో పనిచేసేవాడు. పట్నంలో, తార్నాకలో క్వార్టరు. ఊళ్ళో వ్యవసాయం చేసుకునే మా నాయన నన్ను చదువు కోసం ఆయన ఇంట్లో దించిపోయాడు. ఆడిటర్‌ని కావాలన్న కోరిక నాదే. దానికి ఏమేం చదవాలో తేల్చే భారం మాత్రం చిన్నాయన నెత్తికెత్తుకున్నాడు. ఏ ఆడిటర్‌నీ దగ్గరగా చూసిన పాపాన పోలేదు గనక ఆయనకు అన్నీ తెలుసు.

"మ్యాథ్స్ గట్టిగ లేకుంటె ఆడిటర్ ఎట్లయితవ్ బిడ్డా?" అనేవాడు.

అందుకని పీయూసీలో సైన్ తీటాతో, కాలిక్యులస్‌తో కుస్తీ పట్టాను. తరువాత బీకాం, ఆపైన దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎంకాం. అక్కడ తేలిందేమంటే, ఈ వృత్తికి కావలసినవి కూడిక, తీసివేత, శాతాలు, వడ్డీ. మా ఊరి పంతులు బెత్తంతో నేర్పి వదిలేసినవే. ఆ సంగతి చెబితే చిన్నాయన నవ్వాడు.

"గది పైకి చెప్పెటి మాట. లోపట కాలిక్యులస్ ఉంటది," అన్నాడు.

డిగ్రీ ఒక్కటే చాలదు. ఎవరైనా ఆడిటర్ దగ్గర కొన్నేళ్ళు పని నేర్చుకుంటేనే పెద్ద పరీక్షకు కూర్చోనిస్తారు. ఆడపిల్లను చేర్చుకునే ఆడిటర్ దొరకడం గగనం. తార్నాకలో ఇరానీ హోటల్ మీద ఆఫీసున్న ఒకాయన మాత్రం 'చూద్దాం' అన్నాడు. మిగతావాళ్ళు ఆ మాటా అనలేదు. ఈ తలుపు కూడా మూసుకుంటే నాకు మిగిలేది ఊరికి పోయి బళ్ళో అ ఆలు దిద్దించడమే.

ఆయన నా మార్కుల కాగితాలను పాత బస్సు టికెట్టులా చూసి, ముసలి గుమాస్తా పక్కన కూర్చోబెట్టాడు. ఒకరు బిల్లులు చూసి అంకెలు పైకి చదవాలి, రెండోవారు పద్దు పుస్తకంలో అవే అంకెలకు టిక్కు పెట్టాలి. గుమాస్తా ఉర్దూ మీడియంలో చదివిన మనిషి, ఉర్దూలోనే చదివాడు. నలభై దాకా బజారు ఉర్దూతో నెట్టుకొచ్చాను. ఆపైన యాభై తొమ్మిదికి ఉన్సఠ్, అరవై తొమ్మిదికి ఉనహత్తర్, డెబ్బై తొమ్మిదికి ఉన్నాసీ వరసగా వచ్చిపడ్డాయి. నా పెన్సిలు ఆగిపోయింది. ఎంకాం ఫస్ట్ క్లాసుకు డెబ్బై తొమ్మిది తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"సోమవారం మళ్ల రా అమ్మా. నేర్చుకుంటె సరే, లేకుంటె మళ్ల వచ్చే తక్లీఫ్ తీస్కోకు," అన్నాడు ఆడిటర్.

ఇంటికొచ్చి చిన్నాయన మీద విరుచుకుపడ్డాను. ఆయనా ఉర్దూలో చదువుకున్నవాడే, ఒక్కనాడైనా నేర్పలేదు.

"ఉర్దూల అంకెలు లెక్కబెట్టె గిన్తీ గూడ ఒక మ్యాథ్సేనా అనుకున్న బిడ్డా," అని నసిగాడు.

ఆ వారమంతా పొద్దున్నే చిన్నాయనతో క్యాంపస్ రోడ్డు మీద నడక. ఆయన ఉర్దూలో అంకె అరవడం, నేను తెలుగులో అరవడం. ఎదురొచ్చే విద్యార్థులు మర్యాదగా పక్కకు తప్పుకునేవారు. మధ్యలో ఆయన, "సైన్ తీటా గూడ ఒకసారి చూస్కో," అనేవాడు.

సోమవారం గుమాస్తా వేగం పెంచాడు. నా పెన్సిలు వెనకబడలేదు. ఒకచోట నేనే ఆపాను.

"ఆగుండ్రి సాబ్. మీరు నవాసీ అన్నరు. ఈడ పుస్తకంల ఉన్నాసీ ఉన్నది."

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని బిల్లు మళ్ళీ చూశాడు. ఎనభై తొమ్మిది కాదు, డెబ్బై తొమ్మిది, ఉన్నాసీయే.

"నిన్ను పరీక్ష చేద్దామనే అన్న," అన్నాడు. పెద్దవాళ్ళు అబద్ధమాడరు గనక నమ్మాను.

"రేపటి సంది రా," అన్నాడు ఆడిటర్. మెట్ల మీదే ఏడ్చేశాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

కింద హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని చిన్నాయన కూర్చున్నాడు. చేర్చుకున్నారన్నాను. "కాలిక్యులస్ అడిగిండ్రా?" అన్నాడు.

"ఇయ్యాల అడగలే."

"అడుగుతరు. తయారుండు."

పెద్ద పరీక్ష ప్యాసయ్యాను, ఆడిటర్‌నయ్యాను, సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాను. ఎప్పుడు కలిసినా చిన్నాయన ప్రశ్న అదే. చివరికి ఆస్పత్రి మంచం మీద, మాట సరిగా రానప్పుడు కూడా అడిగాడు.

"అడిగిండ్రు చిన్నాయనా. అన్నిటికి జవాబు చెప్పిన," అన్నాను.

"నేను ముందే జెప్పలే?" అన్నాడు.