ఇంకా దించని స్టార్

మా ఇంటి మీద కట్టే క్రిస్మస్ స్టార్ వెలుగుకి నడిసముద్రంలో ఓడలు దారి చూసుకునేవని అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆ వెలుగు మా గేటు దాకా వస్తే గొప్ప. పైగా అందులో బల్బు పోయి చాలాకాలమైంది.

ఆ పొద్దున గాజువాకలో మా వీధి మంచులో తేలుతున్నట్టుంది. పాల ప్యాకెట్లతో వెళ్తున్న పక్కింటి బావ తల పైకెత్తాడు.

“ఏటి బావా, ఈయేడు అందరికన్నా ముందే కట్టేసినావు స్టారు!”

“మరేటనుకున్నావు? ముందుసూపుండాల” అన్నాను మీసం దువ్వుతూ.

లోపలినుంచి మా ఆవిడ వచ్చింది. “ముందుసూపా! అది పోయినేడాది కట్టింది అన్నయ్యా. రేపు దించుతాను, రేపు దించుతాను అన్నారు. మళ్ళీ పండగొచ్చేసినాది.”

ఏడాదంతా దాని కిందనుంచే తిరిగిన బావ నోరు తెరిచి, నవ్వుకుంటూ పోయాడు. నాకు నవ్వు రాలేదు. నిచ్చెనెక్కి దాన్ని కట్టింది నిన్నగాక మొన్నే అనుకుంటున్నాను మరి.

స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ వారానికోసారి షిఫ్టు మారేది. నిద్ర మారేది, అన్నం వేళ మారేది. ఏ వారానికావారం వేరే ఊరిలా ఉండేది. ఏడాదంటే ఎంత పొడుగో! రిటైరయ్యాక రోజులన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒకదానికొకటి అతుక్కుపోయి, పట్టుకుందామంటే అంచు దొరకదు.

“స్టారు కట్టిన్రోజే యారాడ బీచికి తీసుకెళ్తానన్నారు” అంది ఆవిడ మెల్లగా. “అప్పుడు మెట్లు దిగేదాన్ని. ఇప్పుడు గోడ పట్టుకుంటన్నాను. మళ్ళీ పండక్కి నా మోకాళ్ళు ఇసకలో నడవనిత్తాయేటి?”

వచ్చే ఆదివారం అనబోయాను. నాలుక కరుచుకుని ఆటో పిలిచాను.

కొండ దిగుతుంటే కొబ్బరిచెట్ల సందుల్లోంచి సముద్రం కనిపిస్తూ, మాయమవుతూ వచ్చింది. ఆవిణ్ణి ఎత్తుకుని నీళ్ళదాకా తీసుకెళ్ళానని చెబుదామనుకున్నాను. అబద్ధం. ఒకరి భుజం ఒకరం పట్టుకున్నాం. ఎవరు ఎవర్ని మోశారో చెప్పలేను. అడుగు వేసి ఆగాం, మళ్ళీ అడుగు వేశాం. పడవల దగ్గర వలలు విదిలిస్తున్నవాళ్ళు కలలో మనుషుల్లా నెమ్మదిగా కదులుతున్నారు.

అల వచ్చి పాదాలు తడిపింది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

“ఎంతసేపయినాదండీ మనమొచ్చి?”

వెనక్కి చూశాను. ఆటోవాడు ఇంకా టీ చల్లార్చుకుంటున్నాడు. నాకు మాత్రం ఒక వేసవి సెలవులంత కాలం గడిచినట్టుంది.

“మళ్ళీ వద్దాం” అన్నాను, అలవాటు కొద్దీ.

“మళ్ళీ మాటెందుకూ? ఇంకా ఇక్కడే ఉన్నాం కదా” అంటూ, నా భుజం వదలకుండా, ఆవిడ ఇంకొక్క అడుగు లోపలికి వేసింది.