ఒకే లంక, రెండు పేటలు

మేం ఆ లంకలో దిగేసరికి ఉదయం ఆరు. వాన ఆగలేదు. వసిష్ఠ గోదావరి అరటి చెట్లను వేళ్ళతో సహా మోసుకుపోతోంది. లంకలో మునగకుండా మిగిలింది ఎత్తుగా పోసిన రోడ్డొక్కటే. వరద సహాయానికి వచ్చిన మా సైనికుల్లో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే; మాది నిడదవోలు. మమ్మల్ని దింపి పడవ వెళ్ళిపోయింది. ఆర్డరు చిన్నది: వరద తీసేదాకా కదలొద్దు, మనుషుల్ని బతికించండి.

రోడ్డుకు ఈ చివర ఎగువ పేటవాళ్ళు, ఆ చివర దిగువ పేటవాళ్ళు. అందరూ రెక్కాడితేగాని డొక్కాడని జనమే. అవే పొలాల్లో కూలికి వెళతారు. రెండు పేటలకూ అవే బియ్యం, అవే టార్పాలిన్లు, అవే క్లోరిన్ బిళ్ళలు ఇచ్చాం. మూడో రోజుకి దిగువ పేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఎగువ పేటలో ఒక్కరికీ లేవు.

మా నర్సింగ్ అసిస్టెంట్ తల పట్టుకున్నాడు. "నది ఒకటే, మందు ఒకటే. తేడా ఎక్కడుందో వెళ్ళి అడుగు," అన్నాడు.

ఎగువ పేటలో పొయ్యి ఒక్కటే ఉంది. దాని మీద పెళ్ళిళ్ళకు వాడే పెద్ద గుండిగలో నీళ్ళు మరుగుతున్నాయి. మంగమ్మ అనే పెద్దావిడ మంట ఎగదోస్తోంది.

"ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకోలేదేంటండి?" అన్నాను.

"అటకల మీదున్న ఎండు కొబ్బరి డొక్కలన్నీ ఒక్కచోట పోసేశామండి. విడివిడిగా అయితే ఎవరికీ గంజి కూడా కాగదు కదండీ. పురుడొచ్చినా, చావొచ్చినా మా పేటలో ఇంతేనండి."

"మరి బిళ్ళలు?"

"వాసనొస్తున్నాయని పిల్లలు ఏడిచారండి. ఎవరి పిల్లలని చూడలేదు, పట్టుకుని తాగించేశాం."

దిగువ పేటలో పంచాయతీ ఎన్నికలు రెండు ముఠాలను మిగిల్చి పోయాయి. వాళ్ళకూ గుండిగ ఉంది, ఒక ముఠా దగ్గర. ఎండు డొక్కలు రెండో ముఠా దగ్గర. ఎవరికి వారే యమునా తీరే. ఏటి నీళ్ళు గుడ్డలో వడగట్టి తాగేస్తున్నారు. బిళ్ళలు కంపు కొడుతున్నాయని పారేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

గుండిగ ఉన్నది సత్తెయ్య దగ్గర. ఆయన మనవరాలు దుర్గకు ఏడేళ్ళు ఉంటాయేమో. కళ్ళు లోపలికి పోయాయి. సెలైన్ ఎక్కుతోంది, ఒంట్లో నిలవడం లేదు.

"సత్తెయ్యగారూ, గుండిగ బయట పెట్టండి. డొక్కలు నేను తెస్తాను."

"వాళ్ళనొచ్చి అడగమనండి బాబూ. నేను ఇవ్వనంటే అప్పుడనండి."

అవతలికి వెళితే అక్కడా అదే. "ఆయన్నే వచ్చి అడగమనండి." ఆ రెండు టార్పాలిన్ల మధ్య తిరిగి తిరిగి నా బూట్లు బురదలో కూరుకుపోయాయి. దండం పెట్టాను. తిట్టాను. ఎవరూ కదల్లేదు. చివరికి మా సుబేదారు జవాన్లతో వెళ్ళి రెండూ లాక్కొచ్చి పొయ్యి పెట్టించారు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. సెలైన్ అయిపోయింది.

రేడియో ఆపరేటర్ సెట్ పట్టుకుని అరుస్తున్నాడు. "పాప పరిస్థితి బాగాలేదు. బోటు పంపండి. ఓవర్."

"ఉధృతి ఎక్కువగా ఉంది. రేపు పొద్దున. ఓవర్."

"పొద్దున దాకా ఆగదు. ఓవర్."

"అర్థమైంది. బోటు దాటడం కుదరదు. ఓవర్."

చీకటి పడకముందే దుర్గ పోయింది. నేను అందరి ముందే ఏడ్చాను. మిగతావాళ్ళు ఆ గుండిగలో నీళ్ళు తాగి కోలుకున్నారు.

రిటైరయి నిడదవోలు వచ్చేశాను. ఆ సంగతి చెబితే ఇక్కడివాళ్ళు, "పేదోళ్ళు కదండీ, రోగాలు రాకుండా ఉంటాయా?" అంటారు. మంగమ్మ మాత్రం కోటీశ్వరురాలా అని కసురుకుంటాను. ఆ వెంటనే, వరద తీశాక మేం పడవెక్కిన రోజు గుర్తొస్తుంది.

సత్తెయ్య మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ పడవ దాకా వచ్చాడు. స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తాగండి బాబూ," అన్నాడు. "కాచినవేనండి."

తాగాను. ఇంకా వేడిగానే ఉన్నాయి.