ఊహ మీద ప్రమాణం

బడిలో మధ్యాహ్నం వంట నాది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ పొయ్యే నాకు ఆధారం. ఒకరోజు అన్నం తిన్న పిల్లలకు వాంతులయ్యాయి. సాయంత్రానికి పిల్లలు తేరుకున్నారు, నేను తేరుకోలేదు. మర్నాడు హెడ్మాస్టరు ఇంగ్లీషులో రాసిన కాగితం నా చేతిలో పెట్టాడు.

"సంతకం పెట్టమ్మా, ఆఫీసుకు పంపాల."

సంతకం ఒక్కటే వచ్చు నాకు, చదవడం రాదు. రేపు తెస్తానని చెప్పి, తిరుపతిలో ఇంగ్లీషు ఎమ్మే చదివే చెల్లెలి కూతురి దగ్గరికి బస్సెక్కాను. కాగితం చూసి ఆ పిల్ల మొహం మాడ్చుకుంది.

"పెద్దమ్మా, వంటమనిషి శుభ్రం లేకనే ఇట్టయిందని సర్మైజ్ చేస్తా ఉండామని రాసినాడు."

"అంటే ఏందే?"

"రుజువు లేకుండా ఊహించేది. శానా పాత మాట, ఫ్రెంచోళ్ళ కాడి నుంచి వచ్చినాది. మొదట్లో ఒకరి మీద పెట్టడం అని అర్థం. ఇంగ్లీషోళ్ళు కూడా ముందు నేరం మోపడానికే వాడినారు. ఊహించడం అనేది తర్వాత వచ్చినాది."

"తర్వాత యాడొచ్చిందే? మా సారు కాడ ఇంకా పాతదే ఉండాది!"

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సంతకం పెడితే పొయ్యి పోతుంది. పెట్టకపోయినా పోవచ్చు.

తిరుగు బస్సులో నన్ను నేనే తవ్వుకున్నాను. ఆకుకూర మూడు నీళ్ళు కడిగానా? కడిగాను. సాంబారు మీద మూత పెట్టానా? పెట్టాను. ఎప్పటిలాగే పిల్లలకంటే ముందు నేనే తిన్నాను. నాకేమీ కాలేదు.

పొద్దున్నే కాగితం ఆయన బల్ల మీద పెట్టాను.

"సారూ, రేపు ఆదివారం. కాణిపాకం పోదాం రాండి. కోనేట్లో మునిగి, శుభ్రంగానే వండినానని నేను ప్రమాణం చేస్తా. నా వల్లేనని మీరు చేయండి."

మా పక్క ఆ వినాయకుడి ముందు అబద్ధం ఆడాలంటే ఎంతటివాడైనా జడుసుకుంటాడు. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"ఏమ్మా, ఊహ మీద ఎవురైనా ప్రమాణం చేస్తారా?"

"మరి కాగితం మీద ఎట్ట పెట్టినారు సారూ?"

పక్క గదిలో పంతులమ్మ దగ్గింది. ఆయన ఆ కాగితం చించేశాడు. తర్వాత ఇంకో కాగితం తీసి తెలుగులో రాసి చదివాడు. వాంతులకు కారణం తెలియలేదు, తొట్టి నీళ్ళూ సరుకులూ పరీక్షించాలి. నన్ను కాపాడేది అందులో ఏమీ లేదు. నా మీద పెట్టిందీ లేదు. పంతులమ్మను పిలిచి ఇంకోసారి చదివించుకున్నాకే సంతకం పెట్టి, పోయి పొయ్యి అంటించాను.