కాలిన చెయ్యి ఎక్కడ పెట్టారు?

శ్రావణ గురువారం సాయంత్రం, మర్నాటి పేరంటానికి సెనగలు నానబోస్తుండగా, మా వీధి చివరింటి టీచరుగారు కన్నుమూశారన్న కబురు వచ్చింది. ఇద్దరికి సరిపడా పోశాను. ఆ రెండోవారు ఆవిడే.

రిటైరయ్యాక ఆవిడ తమ వరండాలో ప్రతి ఆదివారం మా వీధి ఆడవాళ్ళను కూర్చోబెట్టి వారపత్రికల సీరియళ్ళు చదివించేవారు. కన్నీళ్ళు వచ్చే ఘట్టం రాగానే చదవడం ఆపించి, కాఫీ కలపడానికి లేచేవారు. “ఏడ్చేవాళ్ళు ఏడవడం కానివ్వండర్రా, తర్వాత ఆలోచిద్దాం.” రెండో పనికి మా వాళ్ళెవరూ మిగిలేవారు కాదు.

తొంభైల చివర ఒక సీరియల్ బందరులో మా వీధిని ఊపేసింది. అందులో భర్త కథానాయిక చేతిని కాలే పెనం మీద అదిమాడు. ఆమె ఇల్లు విడిచి వెళ్ళింది, తిరిగి రాలేదు. ఆమె తామేనని అందరూ నమ్మారు. అందుకే ఆ ముగింపు నచ్చక, తలా ఒక కొనసాగింపు రాసుకొచ్చి చదివారు. ఒకరి కథలో భర్తకు జ్వరం వచ్చింది, దాంతోపాటు బుద్ధీ వచ్చింది. మరొకరి కథలో అత్తగారు కోడలి కాళ్ళు పట్టుకుంది. ఇంకొకరు ఆమెకు ఆఫీసరు ఉద్యోగమిచ్చి, పట్టుచీర అంచు వర్ణనకే ఒక పేజీ ఖర్చుపెట్టారు. పెనం మాత్రం ఎవరి వంటింట్లోనూ లేదు.

టీచరుగారు అన్నీ విన్నారు. “బానే ఉంది. ఆ పిల్ల కాలిన చెయ్యి ఎక్కడ పెట్టారు?”

“అది రాస్తే మనసుకి కష్టంగా ఉంటుందండీ,” అంది బ్యాంకు మేనేజరుగారి భార్య. “ఆ అమ్మాయిలో మమ్మల్ని మేమే చూసుకున్నాం కదా!”

“ఓహో! మరి ఆ అమ్మాయే రేపు మీ గుమ్మంలోకి వస్తే పేరంటానికి పిలుస్తారా?”

“అయ్యో, పిలవకపోవడమేంటండీ!”

“అయితే ఈవిడను ఎప్పుడూ పిలవలేదేం?” అని నన్ను చూపించారు.

నేను గుడివాడలో కాపురం వదిలి, ఇక్కడ సొంత ఉద్యోగంతో బతుకుతున్నది ఏ కారణం చేతనో వీధికంతటికీ తెలుసు. కాగితం మీది స్త్రీ కోసం చీర చెంగులు తడుపుకున్న ఆ ఇల్లాళ్ళు నా ముఖం చూడలేక చాప అల్లికను పరిశీలించారు.

ఆ శ్రావణంలోనూ ఎవరూ పిలవలేదు. భర్త పోయిన టీచరుగారికీ పిలుపు లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆవిడే నా గుమ్మంలో నిలబడి, “మా ఇంట్లో పేరంటం, రా. పిలుపు కోసం కూర్చుంటే సెనగలు పులిసిపోతాయే అమ్మాయ్!” అన్నారు. నుదుట బొట్టు పెట్టి, రెండు దోసిళ్ళ సెనగలు నా చెంగులో పోశారు. అప్పటినుంచి ఒక ఏడు ఆవిడింట్లో, ఒక ఏడు నా ఇంట్లో. ఈ ఏడు నా వంతు.

శనివారం అదే వరండాలో సంతాపసభ జరిపారు. ఆవిడ వెన్నలాంటి మనిషట. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. మేనేజరుగారి భార్య కళ్ళొత్తుకుంటూ, “మా అందరినీ ఒక్కలా చూసేవారండీ,” అంది. మళ్ళీ అదే రచన: నొప్పించేదంతా తీసేసి, మిగిలినదానికి దండ వేయడం.

నేను లేచి, “ఆవిడ కోపం ఎక్కడ పెట్టారు?” అని అడిగాను. ఆ ఆదివారం మధ్యాహ్నాన్ని మాట పొల్లు పోకుండా చెప్పాను. ఒకావిడ వంకర లేని పటాన్ని సరిచేసింది. మరొకావిడ కాఫీల సంగతి చూడమంది.

ఇంటికి వచ్చి, గిన్నె మీద గుడ్డ తీశాను. నీళ్ళు వంచి మరిచిపోయిన సెనగలు ఇద్దరి పాలూ కలిసి తెల్లగా మొలకెత్తి ఉన్నాయి.