జంపక్క ఏడుపు

టేకులపల్లి అవతల గూడేల్లో ఎవరు కన్నుమూసినా ముందు జంపక్కకే కబురు వెళ్తుంది. ఆమె శవం పక్కన కూర్చుని కోయ మాటల్లో రాగం ఎత్తుకుంటే పోయినవాళ్ల వంశం, పుట్టిన ఊరు, పడ్డ కష్టం అన్నీ అందులోకి వస్తాయి. ఆ ఏడుపు విని ముందు పోయినవాళ్లు ఎదురొచ్చి తమ మనిషిని తోలుకుపోతారని అక్కడి నమ్మకం. అయితే కన్నతల్లికి మాత్రం కూతురే ఏడవాలి, అదీ కోయలోనే. అరువు గొంతు చెల్లదు.

ఇప్పుడు ఆ జంపక్క గొంతులోనే పుండు లేచింది. ఖమ్మం దవాఖానాలో రేపు ఆపరేషన్. బతికినా మాట ఉండదని డాక్టర్లు తేల్చేశారు.

మంచం పక్కన కూతురు శ్యామల కూర్చుంది. కొత్తగూడెంలో నర్సు. తెలుగు గడగడా మాట్లాడుతుంది, ఇంగ్లీషూ వచ్చు. కోయ మాత్రం ఒక్క ముక్క మిగల్లేదు. ఎలా మిగులుతుంది? హాస్టల్లో తన కోయ మాట విని వెక్కిరించారని చిన్నప్పుడు పిల్ల ఏడ్చుకుంటూ వస్తే, వెక్కిరించినవాళ్లను వదిలేసి పిల్ల మూతి మీదే కొట్టింది ఈ మహాతల్లి. ఆ తర్వాత ఇంట్లో మొగుడితో కూడా వచ్చీరాని తెలుగే మాట్లాడింది. ఊరందరి చావుకూ ఏడ్చిన మనిషికి, రేపు తనకు ఏడ్చే దిక్కుండదని తట్టనేలేదు.

పొద్దుటి నుంచీ జంపక్క ఆ ఏడుపే నేర్పుతోంది. శ్యామల పాపం పలుకుతోంది గానీ, బడిపిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టుంది.

“గట్ల గాదు బిడ్డా. ఏడ్సుకుంట అనాలె.”

“అర్థంకాని మాటకు ఏడుపెట్ల వస్తదే అమ్మా?”

జంపక్క మళ్లీ మొదటి నుంచి పలికించింది.

శ్యామల ఫోన్ తీసింది. “పోనీ నువ్వే పాడు. రికార్డ్ చేస్తా. నిన్ను సాగనంపే రోజు పెడ్తా.”

వేరే దారి లేక జంపక్క ఎత్తుకుంది. ఆ ఏడుపులో మొదటి పిలుపే ‘అమ్మా’ అని. అక్కడే నోరు ఆగిపోయింది. తన శవం పక్కన తన గొంతే అమ్మా అని పిలిస్తే, వచ్చినవాళ్లు ఎవరిని అమ్మ అనుకోవాలి, ఎవరిని తీసుకుపోవాలి? పోనీ ‘బిడ్డా’ అని మారిస్తే? బతికున్న బిడ్డకు చావు ఏడుపా! ఆ ఆలోచన వచ్చినందుకే లెంపలు వేసుకుంది.

“బంద్ చెయ్” అంటూ కూతురి చేతులు పట్టుకుని భోరుమంది.

“ఏందమ్మా, ఏమైంది?”

“నీకొచ్చిన మాటల్నే ఏడ్వు బిడ్డా. ఎవలదానివని ఆడ మనోళ్లు అడిగితే నేనే చెప్పుకుంటా. ఆడనన్న నాకు గొంతు ఇస్తరో లేదో.”