ఇంగ్లీషు సార్ చెప్పిన బద్నాం

నా చిన్నప్పుడు మా మోత్కూరు ఇంకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అప్పుడు నేను ఏడో తరగతి. మా పక్కింటి అక్క పెండ్లిళ్లలో వంటలకు సాయం పోయి బతికేది. ఒక పెండ్లింట్లో వెండి పట్టీలు కనిపించకపోతే అందరూ ఆమెనే అనుమానించారు. వారం తిరగకుండానే అవి ఆ ఇంటి బియ్యం డబ్బాలోనే దొరికాయి. అయినా ఆ తర్వాత ఆమెను ఎవరూ పనికి పిలవలేదు.

ఆ రోజుల్లోనే మా ఇంగ్లీషు సార్ బోర్డు మీద 'ఇన్‌ఫేమస్' అని రాసి అర్థం అడిగారు. చాలా ఫేమస్ అన్నాను. ఆయన కాదన్నారు. పూర్వం రోమ్ వాళ్ల లాటిన్‌లో 'ఇన్‌ఫామియా' అంటే పరువు పోవడమట. ఆ ముద్ర పడ్డవాడి సాక్ష్యానికి విలువ ఉండేది కాదట. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో, ఇటలీ భాషలో ఆ మాట సంతానం ఇంకా బతికే ఉందని, మనం బద్నాం అనేది దాదాపు అదేనని చెప్పారు. నాకు అర్థమైందని చూపించుకోవాలన్న ఆత్రంలో, "మా పక్కింటి అక్కలెక్క సార్!" అన్నాను. క్లాసంతా నవ్వింది.

సార్ నవ్వలేదు. బడి విడిచాక పిలిచి సంగతంతా అడిగారు. పట్టీలు దొరికిన విషయం నాకు తెలుసనేసరికి ఆయన ముఖం చిన్నబోయింది. "గా ముచ్చట మీ వాడకట్టుల ఇంటింటికి పోయి చెప్పిరా పో" అన్నారు.

వెళ్లాను. మొదటి ఇంటి అవ్వ చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "దొరికితె దొరికినయి. మంది ఊకెనే అంటరా?" అంది, నిప్పు లేనిదే పొగ రాదన్నట్టు. రెండో ఇంట్లో, భయపడి మళ్లీ తెచ్చి పెట్టి ఉంటుందన్నారు. మూడో ఇంటామెకు అసలు సంగతే తెలియదు. దొంగతనం కథంతా నాతో చెప్పించుకుని, దొరికాయన్న మాట వినకుండానే లోపలికి పోయింది. పట్టీల ఇంటావిడైతే కసిరి తలుపేసుకుంది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తన ఇంటి గడపలో కూర్చుని అంతా చూస్తున్న అక్క నన్ను పిలిచి, కొంగుతో నా కండ్లు తుడిచింది. "ఇగ చెప్పకు బిడ్డా. నువ్వు చెప్పినకొద్ది వాళ్లకు యాదికొస్తది" అంది.

ఆ ఎండాకాలమే అక్క పోచంపల్లిలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా ఫోను గ్రూపులో రోజూ ఎవరిదో ఒకరి ఫొటో, కింద దొంగ అనో మోసగాడనో రాత. ఆ పని మీలో ఎవరు కళ్లారా చూశారని అక్కడే అడుగుతాను. మొన్న నన్ను అందులోంచి తీసేశారు. ఇప్పుడు ఇంకో గ్రూపులో అడుగుతున్నాను.