వాచీల కౌంటరు దగ్గర పెద్దమ్మ సందేహాలు

పెద్దమ్మకి సందేహాలు తప్ప మరో వ్యసనం లేదు. బట్టలు కుట్టే కొట్టు ఆవిడది. కుట్టీ కుట్టీ నడుం పట్టేస్తే ఎవరైనా టీ తాగుతారు. ఈవిడ మాత్రం మెడలో టేపుతో సహా రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఎలక్ట్రానిక్స్ షాపుకొచ్చి స్మార్ట్ వాచీల సంగతులు అడుగుతుంది. కొనదు. ఆవిడ గడప తొక్కితే చాలు, కౌంటరులో అమ్మాయికి కణతలు పోటెత్తేవి.

“ఇది పెట్టుకుని అంట్లు తోమొచ్చా?”

“తోమొచ్చు పెద్దమ్మా. తడిసినా ఏం కాదు.”

“తోమకపోతే తిడుతుందా?”

“తిట్టదు.”

“అయితే మా ఆయనకి పనికొస్తుంది.”

మర్నాడు మళ్లీ హాజరు.

“నిద్ర కూడా లెక్కేస్తుందటగా! గురక ఎవరిదో తేలుస్తుందా? మా ఇంట్లో అదో పెద్ద తగువు.”

“తేల్చదు.”

“పోనీ, ఛార్జింగ్ ఎన్నాళ్లొస్తుంది?”

“వారం.”

“వారమే! నేను ఒక్క పూట తినకపోతే సొమ్మసిల్లుతాను.”

అమ్మాయి నవ్వలేక, ఏడవలేక పళ్లు నూరుకునేది.

ఒక సాయంత్రం ఓ సెక్యూరిటీ గార్డు వచ్చాడు. అద్దాల బల్లలో అన్నిటికన్నా ఎక్కువ మెరుస్తున్న వాచీని చూపించి, “ఇది ఇచ్చెయ్యండి” అన్నాడు. ఒక చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు. అమ్మాయి హుషారుగా బిల్లు కొట్టబోతుంటే పెద్దమ్మ ఊడిపడింది.

“ఆగవే! ఇది బటన్ల ఫోనుకి కలుస్తుందా?”

“ఎన్నిసార్లు చెప్పాలి పెద్దమ్మా? కలవదు! స్మార్ట్ ఫోను ఉండాల్సిందే.”

గార్డు ముఖం పాలిపోయింది. జేబులో చెయ్యి ఇంకాస్త లోపలికి దిగింది.

“మరి ఫోనుతో పనిలేకుండా, అలారం టైముకి చెయ్యి వణికించేది లేదూ? అసలే నాకు చెవుడు.”

పక్క వీధిలో సూది పడ్డా వినే మనిషి! అమ్మాయి విసుక్కుంటూనే కింది అరలోంచి ఓ సాదా డిజిటల్ వాచీ తీసి నొక్కింది. అది బల్ల మీద గిజగిజలాడుతూ అంచుదాకా పాకింది.

గార్డు ముఖం విప్పారింది. “ఇదే ఇవ్వండమ్మా. మా ఆవిడకి వినపడదు. నాకేమో తెల్లారకుండానే డ్యూటీ. తనని పనికి లేపేవాళ్లు లేరు.”

అతను వెళ్లాక అమ్మాయి తేరుకుంది. “ఆయనది బటన్ల ఫోనని మీకెలా తెలుసు?”

“ఇందాక ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చి తన గోడంతా చెప్పుకున్నాడే. పైగా, జేబులో ఏముందో దర్జీకి తెలీకపోతే ఎలా?”

అంతలో పెద్దమ్మ పొడుగు చేతుల రవిక బర్రుమంది. ఆవిడ రవిక చెయ్యి పైకి లాగి, మణికట్టుతో, “వస్తున్నానండీ, స్టవ్వు కట్టెయ్యండి” అంది.

అమ్మాయి నోరు తెరిచింది. “మీకు వాచీ ఉందా!”

“ఎప్పట్నుంచో. తెలీదని చెప్పుకోడం అందరికీ నామోషీనే. నాకు సిగ్గెప్పుడో పోయింది కాబట్టి, వాళ్ల బదులు నేనడుగుతున్నా.”

అమ్మాయి స్టూలు లాగింది. “కూర్చోండి పెద్దమ్మా.”

“కూర్చుంటే అడిగే ఊపు రాదే” అంటూ ఆవిడ హెడ్‌ఫోన్ల వైపు కదిలింది. అక్కడో పెద్దాయన డబ్బాను తలకిందులుగా పట్టుకుని, శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తున్నాడు.


“ఏమయ్యా,” షాపంతా వినపడేలా అక్కడ అమ్మే కుర్రాణ్ని కేకేసింది పెద్దమ్మ, “ఇందులో ఏది ఏ చెవికో ఎలా తెలుస్తుంది?”